పంచదార ద్రాక్షలు నీళ్లు కారిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లి, చర్చిలో. మూడంతస్తుల కేక్ బేకరీకి ఆర్డరిచ్చాం, ఎగ్‌లెస్ అన్నమాట, అబ్బాయి వాళ్లవైపు కొందరు గుడ్డు ముట్టరు. పైన డెకరేషన్ నేను చేస్తానని మాటిచ్చేశా, పంచదార అద్దిన ద్రాక్షగుత్తులు తెల్లగా మెరుస్తుంటాయి కదా అవి. ట్రయల్ వేస్తే రాత్రి బానే ఉన్నాయి, ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున బయటకి తీశాక కాసేపటికే పంచదారంతా నీళ్లు. పంచదార అంటుకోడానికి రాసే తెల్లసొన బదులు మెరింగ్యూ పౌడర్ వాడమంటున్నారు, వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దమ్మా, మామూలుగా దొరికే మెరింగ్యూ పౌడర్ అంటే ఎండబెట్టిన తెల్లసొనే, డబ్బా వెనక చదివితే తెలిసిపోతుంది. నీకు కావాల్సింది గమ్ అరబిక్ పొడి, అంటే తుమ్మ జాతి చెట్ల బంక, కేక్ సామాన్లమ్మే షాపుల్లో అడుగు, తినే రకమే తీసుకో, లేబుల్ మీద ఐఎన్ఎస్ 414 అని ఉంటుంది. ఒక చెంచా పొడికి రెండు మూడు చెంచాల రోజ్ వాటర్ పోసి కలిపి ఉండలు కరిగేదాకా వదిలెయ్. అది దొరక్కపోతే కాబూలీ శనగలు ఉప్పు లేకుండా ఉడికించిన చిక్కటి నీళ్లు కూడా పనికొస్తాయి, ఎండాక వాసన రాదు.

ఇక నీళ్లు కారడం. తప్పు పంచదారది కాదు, ఫ్రిజ్‌ది. చల్లటి పండు బయటికి రాగానే గాల్లో తేమంతా దాని మీద చెమటలా పడుతుంది, అందులోనూ మీది సముద్రం పక్క ఊరు, ఇంక పంచదార ఎక్కడ నిలుస్తుంది చెప్పు. అందుకే చేశాక ఫ్రిజ్ జోలికే పోవద్దు, ముందు రోజు రాత్రి చేసి జల్లెడ మీద పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టు, ఏసీ గది ఉంటే ఇంకా మంచిది.

ద్రాక్ష గట్టిగా, తొక్క చిట్లకుండా ఉన్నవే ఏరుకో, కోసిన పండు అస్సలు వద్దు, రసం ఊరుతుంది. కడిగి, తొక్క మీద తెల్లటి మైనం పొర పోయేలా గుడ్డతో తుడిచి, తొడిమ దగ్గర కూడా తడి లేకుండా చూసుకో, అసలు గొడవంతా ఆ తొడిమ దగ్గరే. బ్రష్‌తో బంక నీళ్లు పల్చగా రాయి, కారేలా రాస్తే పంచదార గడ్డకడుతుంది. పంచదార మిక్సీలో ఒక్కసారి అలా తిప్పి ఆపెయ్, సన్న రవ్వలా ఉండాలి, పిండైపోతే తళుకు పోయి సున్నం కొట్టినట్టుంటుంది. పండుని పంచదారలో దొర్లించకు, దొర్లిస్తే గిన్నెలో పంచదారంతా తడుస్తుంది, పైనుంచి చెంచాతో చల్లు.

చెర్రీలు కూడా పెట్టాలనుకుంటున్నావేమో, ఫిబ్రవరిలో మన దగ్గర తాజావి దొరకడం కష్టం, బేకరీ ఎర్ర చెర్రీ అంటే చాలాసార్లు రంగేసి పాకంలో నానబెట్టిన వాక్కాయే, దాని జిగటకి ఈ పద్ధతి పనిచెయ్యదు. నల్లద్రాక్ష, పచ్చద్రాక్ష కలిపితే చాలు, నాకైతే నల్లదాని మీదే పంచదార అందంగా కనిపిస్తుంది.

బేకరీవాళ్లని క్రీమ్ ఏంటో ఇవాళే అడుగు. బటర్‌క్రీమ్ అయితే నిశ్చింత, విప్డ్ క్రీమ్ తడికి అడుగున పంచదార కరిగి పళ్లు జారతాయి, అప్పుడు గుత్తి కింద చిన్న బటర్‌పేపర్ ముక్క పెట్టు. ఏదైనా సరే కేక్ హాల్‌కి చేరాకే, కోసే ముందు అమర్చు. చిన్నపిల్లల ప్లేట్లోకి ద్రాక్ష గుండుగా వెళ్లకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది, వడ్డించేవాళ్లకి నిలువునా నాలుగు ముక్కలు చెయ్యమని ముందే చెప్పు.