పలాస జీడి పిక్కల దిగుమతికి డాలర్ హెడ్జింగ్ ఎలా?
ఆఫ్రికా నుంచి పిక్కలు తెప్పిస్తున్నాం, డాలర్ రేటు భయానికి హెడ్జింగ్ (రేటు మారినా దెబ్బ తగలకుండా ముందే చేసుకునే ఏర్పాటు) పనికొస్తుందా అని అడిగారు. తప్పకుండా పనికొస్తుందండీ.

మూడు నెలల్లో 50,000 డాలర్లు కట్టాలనుకుందాం. ఇవాళ డాలర్ 85 రూపాయలనే అనుకోండి. అప్పటికి 88 అయితే లక్షన్నర అదనం. పిక్క కాల్చి, ఒలిచి, గ్రేడు చేసి మిగుల్చుకున్నదంతా అక్కడే కరిగిపోతుంది. మీ బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్ట్ తీసుకుంటే 85.60 అనో ఎంతో రేటు ఇప్పుడే ఖాయమవుతుంది. తర్వాత డాలర్ 83కి దిగినా అదే కట్టాలి, దానికి సిద్ధపడండి. దిగినప్పుడు లాభం కూడా కావాలంటే ‘ఆప్షన్’ అనే మరో రకం కాంట్రాక్ట్ ఉంది, కాకపోతే దానికి ముందే ప్రీమియం అనే రుసుము పోతుంది. చిన్న వ్యాపారికి ఫార్వర్డే నయమని నా అభిప్రాయం.

ఒక్క మాట: సరుకు బిల్లేమీ లేకుండా ఫోన్ యాప్‌లో డాలర్ మీద పందెం కాయడం హెడ్జింగ్ కాదు. అనుమతి లేని ఫారెక్స్ యాప్‌ల హెచ్చరిక జాబితా రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉంది, చూడండి.