కోపాక్సోన్ ఆపి జెనరిక్ మొదలుపెడితే ఒంట్లో ఏం మారుతుంది? వాడినదాన్ని చెబుతున్నాను

మీ తమ్ముడికి ఎంఎస్ జబ్బుకు ఇన్నాళ్లూ ఇస్తున్న కోపాక్సోన్ ఇంజెక్షన్ ఆపేసి వచ్చే నెల నుంచి దాని జెనరిక్ (అదే మందును వేరే కంపెనీ చేసేది) ఇస్తామని ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పారని రాశారు. ఈలోగా ఎలుకల కణాల్లో ఈ రెండు మందులకూ జన్యువులు వేర్వేరుగా స్పందించాయన్న పరిశోధన మీ కంటబడిందన్నారు. సరిగ్గా ఇదే టెన్షన్ నేను 2018లో డాలస్‌లో పడ్డాను. అప్పటికి నాకు ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడునూ నరాలనూ దెబ్బతీసే జబ్బు) అని తెలిసి నాలుగేళ్లు. నేను డాక్టర్ని కాదు, వారానికి మూడుసార్లు పొడుచుకునే మనిషిని. నా వరకు మందు మారినందువల్ల జబ్బులో తేడా ఏమీ రాలేదు. తేడా వచ్చిందని రెండు నెలలు గట్టిగా నమ్మాను, అది వేరే కథ.

ముందు ఆ పరిశోధన సంగతి. అది 2014లో వచ్చింది. అందులో పోల్చింది కోపాక్సోన్‌ను, మన దేశంలో తయారైన ఒక జెనరిక్‌ను. మందు ఇచ్చిన ఎలుకల ప్లీహం నుంచి కణాలు తీసి, వాటికి బయట మళ్లీ ఈ మందులు తగిలించి, ఏ జన్యువులు ఎంత పనిచేస్తున్నాయో చూశారు. చాలావరకు పోలికలే. కానీ ఒంట్లో మంటను అదుపు చేసే టి కణాలకు గుర్తుగా చూసే ఫాక్స్‌పి3 లాంటి కొన్నిట్లో తేడా కనిపించింది. ఇది చదివి ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అయితే ఆ పరిశోధనలో కోపాక్సోన్ అమ్మే టెవా కంపెనీ మనుషులు కూడా ఉన్నారు. అంతమాత్రాన అది అబద్ధమని కాదు. ఎవరు ఏ ప్రశ్న అడుగుతున్నారో, ఎందుకడుగుతున్నారో గుర్తుంచుకుని చదవాలి, అంతే.

అసలు ఈ మందు తీరే వేరు. కోపాక్సోన్‌లో ఉండే మందు పేరు గ్లాటిరమర్ ఎసిటేట్. అది పారాసెటమాల్ లాగా ఒకే అణువు కాదు. గ్లుటామిక్ ఆసిడ్, అలనిన్, లైసిన్, టైరోసిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాలు ఒక నిష్పత్తిలో, వరస మాత్రం ఎలా పడితే అలా కలిసి ఏర్పడిన గొలుసుల గుంపు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మైకేల్ సేలా, రూత్ ఆర్నన్, డ్వోరా టైటెల్‌బామ్ దీన్ని చేసింది ఎలుకలకూ గినీ పిగ్‌లకూ ఎంఎస్ లాంటి జబ్బు తెప్పించి చూద్దామని. తీరా ఇస్తే జబ్బు రాకపోగా, వచ్చే జబ్బును ఆపింది! అలా పుట్టిన మందు 1996లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. ఇలాంటి గుంపులో ప్రతి గొలుసునూ లెక్కపెట్టి ఇది అదేనని చెప్పడం బ్రాండు కంపెనీకి కూడా సాధ్యం కాదు. వాళ్ల సొంత బ్యాచ్‌ల మధ్యే కొద్దిగా తేడా ఉంటుంది. మా అమ్మ భాషలో చెప్పాలంటే, ఒకే చేత్తో పెట్టినా ఏ ఏడు ఆవకాయ ఆ ఏడుదే.

పైగా చర్మం కింద పొడిచిన కాసేపటికే ఇది ముక్కలైపోతుంది. అందుకే మామూలు జెనరిక్ బిళ్లలకు చేసినట్టు రక్తంలో మందు మోతాదు కొలిచి పోల్చడం కుదరదు. అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీనికోసం వేరే పద్ధతి పెట్టింది. తయారీలో రసాయన చర్య అదే అయ్యుండాలి, భౌతిక రసాయన గుణాలు సరిపోవాలి, గొలుసులు కట్టడంలో, తెగడంలో పడే గుర్తులు సరిపోవాలి, చివరికి ఎంఎస్ లాంటి జబ్బు తెప్పించిన ఎలుకల్లో రెండూ ఒకేలా పనిచేయాలి. అంటే మీరు భయపడుతున్న ఎలుక పరీక్ష ఇందులోనూ ఉంది. కాకపోతే ఇక్కడ చూసేది జన్యువు పెరిగిందా తగ్గిందా అని కాదు, ఎలుకకు కాళ్లు పడిపోయాయా లేదా అని. నాకు రెండోదే ముఖ్యం అనిపించింది.

మనుషుల మీద చేసిన గేట్ ట్రయల్ 2015లో వచ్చింది. 794 మందికి తొమ్మిది నెలలు కొందరికి బ్రాండు, కొందరికి జెనరిక్, కొద్దిమందికి ఉత్తుత్తి మందు ఇచ్చి, కాంట్రాస్ట్ అనే రంగు మందు ఎక్కించి తీసిన ఎంఆర్ఐలో మెదడులో వెలిగే కొత్త మచ్చలు లెక్కపెట్టారు. బ్రాండుకీ జెనరిక్‌కీ ఫలితం సమానంగా వచ్చింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఆ జెనరిక్ నెదర్లాండ్స్‌లోని సింథాన్ అనే కంపెనీ చేసినది, నేను వాడినది కాదు. కోపాక్సోన్‌కు పోటీగా వచ్చిన మందు గురించి తప్పుదోవ పట్టించే ప్రచారం చేసిందని, పేటెంట్ విధానాన్ని దుర్వినియోగం చేసిందని యూరోపియన్ కమిషన్ 2024 అక్టోబరులో టెవాకు 46.26 కోట్ల యూరోల జరిమానా వేసింది. టెవా అప్పీలుకు వెళ్తామంది. ఏది ఏమైనా, జెనరిక్ మీద మనకు కలిగే అనుమానాలన్నీ మన సొంత అనుమానాలేనా అని నాకు అప్పటినుంచీ సందేహం.

నాకొచ్చింది 2017 అక్టోబరులో అనుమతి పొందిన మైలాన్ కంపెనీ జెనరిక్. ఇన్సూరెన్స్ ఉత్తరం చూసి ఏడ్చాను కూడా. అప్పుడు అమ్మ ఖమ్మం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆ మందు వెనక ఉన్నది హైదరాబాద్ కంపెనీ నాట్కో అని మా ఆయన చదివి చెప్పగానే, "మన హైదరాబాద్ మందుకా ఇంత ఏడుపు? అక్కడివాళ్లు వాడట్లా?" అంది. ఆవిడకు అక్కడితో సమస్య తీరిపోయింది. నాకు తీరలేదు.

మొదటి రెండు వారాల్లోనే తొడ మీద నిమ్మకాయంత గడ్డలు. పాత మందుతో అంత ఎప్పుడూ రాలేదు. "చూశారా, వేరే మందే" అని మా ఆయనతో వాదన. చివరికి నర్సు వీడియో కాల్‌లో నా ఇంజెక్టర్ (సిరంజి పెట్టి పొడుచుకునే పరికరం) చూపించమంది. కొత్త సిరంజికి కొత్త ఇంజెక్టర్ వస్తుంది, పాతది పనికిరాదు. కొత్తదానిలో సూది ఎంత లోతుకు దిగాలో నేనసలు సరిచేసుకోనే లేదు. పాతదానికి నాలుగేళ్ల కింద ఎవరో పెట్టిచ్చిన లోతే వాడుతూ వచ్చాను. లోతు మార్చి, ఫ్రిజ్ నుంచి తీసి ఇరవై నిమిషాలు ఆగి పొడుచుకుంటే గడ్డలు మళ్లీ పాత సైజుకి వచ్చాయి.

తర్వాత జూలైలో ఎడమ చెయ్యి తిమ్మిరి. ఇక రిలాప్స్, అంటే జబ్బు మళ్లీ తిరగబెట్టడం, వచ్చేసిందనుకున్నాను. ఇంట్లో ఏసీ పాడై రెండు రోజులైన సంగతి డాక్టర్ అడిగేదాకా తట్టలేదు. ఒళ్లు వేడెక్కితే పాత మచ్చల వల్ల వచ్చిన లక్షణాలే మళ్లీ బయటపడతాయట, చల్లబడితే పోతాయి. పోయాయి. ఆ డిసెంబరులో ఎంఆర్ఐలో కొత్త మచ్చ లేదు. నా ఒక్కదాని ఎంఆర్ఐ ఏ మందునీ గెలిపించదని తెలుసు, కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నిజంగా నష్టం జరిగింది మాత్రం ఒకసారి ఉంది. డెలివరీ అబ్బాయి బెల్ కొట్టకుండా పెట్టె గుమ్మం ముందు వదిలేసి వెళ్లాడు. సాయంత్రం నేను తెరిచేసరికి ఐస్ ప్యాకులు నీళ్లైపోయి గోరువెచ్చగా ఉన్నాయి. ఈ మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అవసరమైతే 15 నుంచి 30 డిగ్రీల్లో ఒక నెల వరకు బయట ఉంచొచ్చు. డాలస్ ఎండైనా మన కొత్తగూడెం మే నెలైనా ఆ 30 అనేది ఎక్కడ? ఫార్మసీకి ఫోన్ చేస్తే గొడవ పెట్టకుండా వేరే పెట్టె పంపారు. బ్రాండా జెనరికా అని నేను పడ్డ బాధలో సగం ఫ్రిజ్ మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఇంకోటి, 2025 జనవరిలో ఎఫ్‌డీఏ ఈ మందుకు పెట్టె మీద వేసే గట్టి హెచ్చరిక చేర్చింది. అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ రావచ్చు, ఎన్నేళ్లు వాడాక అయినా రావచ్చు. అది బ్రాండుకీ జెనరిక్‌కీ కలిపే. పొడుచుకున్న వెంటనే ముఖం ఎర్రబడి, ఛాతీ బిగిసినట్టై కొద్ది నిమిషాల్లో తగ్గిపోయేది వేరు. ఊపిరాడక, దద్దుర్లు వచ్చి, తగ్గకుండా పెరుగుతుంటే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మీ తమ్ముడికి తర్వాత ఎప్పుడైనా ఫింగోలిమాడ్, డైమిథైల్ ఫ్యూమరేట్ లాంటి బిళ్లలు ఇస్తే ఇదంతా మర్చిపోండి. అవి చిన్న అణువులు, రక్తంలో కొలిచి పోల్చగలిగేవి. బీటా ఇంటర్‌ఫెరాన్ జీవకణాల్లో తయారయ్యేది కాబట్టి దానికి వచ్చేది జెనరిక్ కాదు, బయోసిమిలర్, అంటే దానికి దగ్గరగా ఉండేలా చేసిన మందు.

ఇప్పుడైతే మందు మారే ముందే ఒక ఎంఆర్ఐ తీయించమని న్యూరాలజిస్టును అడగండి. లేకపోతే ఆరు నెలల తర్వాత కనిపించిన మచ్చ ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. పెట్టె మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి. జెనరిక్ నుంచి ఇంకో జెనరిక్‌కి ఫార్మసీ చెప్పకుండానే మార్చేస్తుంటుంది, నాకు రెండుసార్లు అలా జరిగింది. ఇంజెక్టర్ లోతు మాత్రం మొదటి రోజే నర్సు ముందు సరిచేయించండి.