ఐరన్ మాత్ర వేసుకుంటున్నా రక్తం పెరగట్లేదా? టీ వేళ మార్చండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. హిమోగ్లోబిన్ 9.1 ఉందని డాక్టరు ఐరన్, క్యాల్షియం మాత్రలు రాశారు. పొద్దున టిఫిన్, టీ అయ్యాక రెండూ కలిపి వేసుకుంటున్నా. రెండు నెలలైనా 9.4 దాటలేదు. మలబద్ధకంగా ఉంటోంది, మలం నల్లగా వస్తోంది. ఐరన్ ఇంజెక్షన్ చేయించుకోవాలా?

జవాబు: ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు మాత్ర వేసుకునే వేళ మార్చండి. టీలో ఉండే టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. క్యాల్షియం కూడా దానికి అడ్డం పడుతుంది. మీ మాత్రకు ఆ రెండూ ఒకేసారి తగులుతున్నాయి. మాత్ర మంచిదే అయినా చాలామటుకు వృథాగా పోతోంది.

పొద్దున లేవగానే, టిఫిన్‌కు గంట ముందు, ఐరన్ మాత్రను నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోండి. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలు గంట తర్వాతే. క్యాల్షియం రాత్రి భోజనం అయ్యాక వేసుకోండి. థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంటే దానికీ ఐరన్‌కీ 4 గంటల ఎడం తప్పనిసరి. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటుంటే ఆ మాట మీ డాక్టరుకు చెప్పండి, కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్ సరిగా అందదు.

మలం నల్లబడటం ఐరన్ వల్లే, భయం లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మలబద్ధకం బాధిస్తుంటే మాత్ర మానేయకండి, రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఒక మోతాదు పడ్డాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, దాదాపు ఒక రోజు పాటు ఐరన్ లోపలికి వెళ్లే దారిని బిగిస్తుంది. అందుకే తొందరపడి పూటకొకటి మింగినా పెద్దగా కలిసిరాదు. గర్భిణులు మాత్రం సొంతంగా మోతాదు మార్చకూడదు.

ఇలా నెల రోజులు వాడి మళ్లీ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. 12 దాటాక కూడా మరో 3 నెలలు వాడాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, నిల్వలు నిండక మళ్లీ మొదటికొస్తుంది.

పెరగకపోతే ఒంట్లో ఐరన్ నిల్వలెంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోతోందా, మొలలున్నాయా, తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తలోపం) జన్యువు ఉందా అన్నదీ చూడాలి. కారణం తేలాక, మాత్ర పడకపోయినా, ఒంటబట్టకపోయినా ఇంజెక్షన్ ఇస్తారు. అదీ ఆసుపత్రిలోనే వేయించుకోవాలి.