3 రోజుల సర్టిఫికెట్‌కు 60 వేలు కట్టాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి 4 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఏసీ డక్టింగ్ పని చేస్తున్నాను. తలుపు ఫ్రేములో ఫ్యాన్ బిగించి బిల్డింగ్‌లో గాలి ఎంత లీకవుతుందో కొలిచే ‘బ్లోయర్ డోర్’ టెస్టు నేర్పి, 3 రోజుల్లో ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. ఫీజు 60 వేలు. అది ఉంటే లండన్‌లో అయినా ఇక్కడ అయినా పని దొరుకుతుందట. బత్తాయి తోట మీద వచ్చిన డబ్బులు ఇస్తానని నాన్న అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. కట్టాలా, వద్దా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, ఇప్పుడైతే కట్టకు. పని మంచిదే, నేను బతుకుతున్నది కూడా ఈ పని మీదే. కానీ ఆ ‘ఇంటర్నేషనల్’ అనే మాట దగ్గర కాస్త ఆగు. ఈ పనికి అన్ని దేశాల్లో చెల్లే కాగితం ఒక్కటంటూ లేదు. ఏ దేశంలో చట్టం టెస్టు అడుగుతుందో అక్కడి పద్ధతిలోనే టెస్టు చేసేవాళ్లకు గుర్తింపు ఇస్తారు. ఇంగ్లండ్‌లో కొత్త ఇల్లు కడితే గాలి లీకేజీ కొలిపించాలి, దానికి టెస్టు చేసేవాళ్లను నమోదు చేసుకునే ఆట్మా లాంటి స్కీములో పేరు ఉండాలి, అందులోనూ చిన్న ఇళ్లకు లెవెల్ 1, బాగా పెద్ద బిల్డింగులకు లెవెల్ 3 అని మెట్లు ఉంటాయి. ఫ్రాన్స్‌లో అయితే క్వాలిబాట్ 8711 అనే గుర్తింపు అడుగుతారు, అమెరికాలో బీపీఐ, రెస్‌నెట్ అనే సంస్థల గుర్తింపు అంటారు. ఇక్కడ 3 రోజులు కూర్చుని తెచ్చుకున్న కాగితం చూసి వీళ్లెవరూ నిన్ను నేరుగా పనిలోకి తీసుకోరు.

ఇంకో మాట. బ్రోచర్‌లో ‘ఐఎస్‌ఓ 9972 సర్టిఫైడ్ టెస్టర్’ అని ఉందేమో చూడు. ఉంటే అక్కడే నిలదీయి. ఐఎస్‌ఓ 9972 అంటే టెస్టు ఎలా చేయాలో చెప్పే స్టాండర్డ్, మనిషికి ఇచ్చే డిగ్రీ కాదు.

మరి మన దగ్గర పని లేదా అంటే, ఉంది. మన ఇళ్లకు ఈ టెస్టు తప్పనిసరి అనే రూల్ లేదు కాబట్టి ఇళ్ల మీద ఆశ పెట్టుకోకు. పని ఉన్నది సర్వర్ రూముల్లో. అక్కడ మంటలు వస్తే నీళ్లు కొట్టలేం, ఎఫ్‌ఎం-200 లాంటి గ్యాస్ వదులుతారు. ఆ గ్యాస్ మామూలుగా 10 నిమిషాలైనా గదిలో నిలబడాలి. గ్యాస్ కలిసిన గాలి బరువుగా ఉంటుంది, అందుకని కింది సందుల్లోంచి జారిపోతూ ఉంటే పై సందుల్లోంచి మామూలు గాలి లోపలికి దిగుతుంది. గ్యాస్ నిలుస్తుందా లేదా అని ముందే తేల్చడానికి ఇదే ఫ్యాన్‌తో చేసేది రూమ్ ఇంటిగ్రిటీ టెస్టు, మనవాళ్లు డోర్ ఫ్యాన్ టెస్ట్ అంటారు. షాద్‌నగర్ వైపు, చందనవెల్లి వైపు డేటా సెంటర్లు వస్తున్నాయి కదా, ఈ టెస్టు తెలిసిన చేతులు వాటికి కావాలి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీల క్లీన్ రూములు, అంటే దుమ్ము రానివ్వని గదులు ఉన్నాయి. వాటి టెస్టులు వేరే, కానీ అక్కడా చూసేది గాలి పీడనమే. డక్టింగ్ తెలిసినవాడికి అది త్వరగా అబ్బుతుంది.

నేను కొత్తలో ఒక ఆఫీసు సర్వర్ రూముకి పోయినప్పుడు తలుపు సందులు, కిటికీలు అన్నీ టేపు వేసి చూశాం, రీడింగ్ దిగలేదు. సగం రోజు పోయింది. చివరికి ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తితే కేబుల్ ట్రే గోడ దాటే చోట చెయ్యి పట్టేంత రంధ్రం అలాగే వదిలేసి ఉంది. ఇది ఏ క్లాసులోనూ రాదు తమ్ముడూ, సీనియర్ పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడితేనే వస్తుంది. (అగరుబత్తి పొగతో సందులు వెతకడం మనకు అలవాటు, సర్వర్ రూములో మాత్రం పొగను పసిగట్టే డిటెక్టర్లను ఐసొలేట్ చేయించకుండా, అంటే పనిచేయకుండా ఆపించకుండా వెలిగించకు.)

అయినా కట్టాలనే ఉంటే, ముందు పోయి అడుగు. 3 రోజుల్లో నా చేత్తో ఎన్ని టెస్టులు చేయిస్తారు? మీ ఫ్యాన్‌కు, మీటర్‌కు కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందని సరిచూసిన) సర్టిఫికెట్ చూపించండి, ఏ తేదీది? గాలి జోరుగా ఉన్న రోజు ఏం చేస్తారు? దీనికి సరైన జవాబు ‘టెస్టు వాయిదా వేస్తాం’ అనే. ఫ్యాన్ ఆపేసి చూసినప్పుడు లోపలికీ బయటికీ 5 పాస్కల్స్ (పీడనం కొలిచే యూనిట్) కంటే ఎక్కువ తేడా చూపిస్తే ఆ టెస్టు చెల్లదు. లెక్క కూడా చేయించు. 10 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 3 ఎత్తు ఉన్న ఇంట్లో 300 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 50 పాస్కల్స్ దగ్గర, అంటే స్ట్రాలో నీళ్లను అర సెంటీమీటరు ఎత్తేంత పీడనం దగ్గర, ఫ్యాన్ గంటకు 1,800 ఘనపు మీటర్లు లాగితే ఆ ఇంటి గాలి గంటకు 6 సార్లు మారుతున్నట్టు. కరెంటు బాగా ఆదా అయ్యేలా ఇల్లు కట్టే పాసివ్ హౌస్ అనే జర్మనీ పద్ధతిలో ఇది గంటకు 0.6 సార్లు దాటకూడదు. ఈ లెక్క బోర్డు మీద చెప్పలేనివాడి దగ్గర నాన్న డబ్బులు పెట్టకు.

నన్నడిగితే ఫైర్ సిస్టమ్స్ టెస్టింగ్ చేసే కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా అయినా చేరు. జీతం మొదట్లో తగ్గుతుంది, ఇంట్లో ముందే చెప్పు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి టెస్టూ రాయి: తేదీ, గది కొలతలు, రీడింగులు, లీకు ఎక్కడ దొరికింది. ఫెయిలైనవి కూడా రాయి, అవే ఎక్కువ రాయి. ఏడాది తర్వాత ఫ్యాన్ తయారుచేసే కంపెనీలు ఇచ్చే ట్రైనింగ్‌కు పో, అప్పుడు నీ ప్రశ్నలు నీకే ఉంటాయి. ఎనర్జీ వైపు పోవాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఉంది, డిప్లొమా వాళ్లకు 6 ఏళ్ల అనుభవం కావాలి. నీకు ఇంకో 2 ఏళ్లే కదా. నువ్వు ఇప్పుడు చేస్తున్న పని ఆ అనుభవం కిందికి వస్తుందో లేదో ముందే కనుక్కో.

ప్రశ్న: సార్, మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ఏసీ ఎంతసేపు వేసినా చల్లబడదు, దుమ్ము కూడా వస్తుంది. గాలి లీకేజీ కొలిచే బ్లోయర్ డోర్ టెస్టు మా ఇంటికి చేయించాలా?
– ఒక గృహిణి

జవాబు: అవసరం లేదమ్మా. గాలి లేని ఉదయం పూట తలుపులు, కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కర్టెన్లు పక్కకు జరిపి, అగరుబత్తి కిటికీల చుట్టూ తిప్పండి. పొగ ఎక్కడ వంగితే అక్కడ లీకు. ఎక్కువగా స్లైడింగ్ కిటికీల పట్టాల దగ్గర, ఏసీ పైపు గోడలోకి పోయే రంధ్రం దగ్గర దొరుకుతుంది. బ్రష్ స్ట్రిప్, సీలెంట్ చాలు. కానీ వంటింటి వెంటిలేటర్, బాత్రూమ్ వెంటిలేటర్ మూయకండి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే అసలే వద్దు, గాలి ఆడని గదిలో అది వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, ప్రాణం పోతుంది. ఆ గీజర్‌ను ఈ వారమే బయటి గోడకు మార్పించండి.