జీటీలో సెలెక్ట్ కాలేదు, కోచింగ్ పెట్టించాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. మా బాబు సెకండ్ గ్రేడ్. స్కూల్లో గిఫ్టెడ్ ప్రోగ్రాం (జీటీ, అంటే బాగా చురుకైన పిల్లలకి పెట్టే ప్రత్యేక క్లాసులు) కోసం కాగ్యాట్ అనే ఆలోచనా శక్తి టెస్టు రాశాడు, సెలెక్ట్ కాలేదని లెటర్ వచ్చింది. వాడి ఫ్రెండ్స్ కొందరికి వచ్చింది. వచ్చే ఏడాదికి ఇప్పట్నుంచే కోచింగ్ పెట్టిద్దాం, ఇది మిస్సయితే తర్వాత మంచి కాలేజీ కూడా కష్టం అని మావారి భయం. నిజమేనా?

జవాబు: కాదండి. కాలేజీ వాళ్ళు చూసేది హైస్కూల్లో ఏ కోర్సులు తీసుకున్నాడు, ఎలా చదివాడు, ఏం చేశాడు అని. ఏడేళ్ళప్పుడు జీటీలో ఉన్నాడా లేడా అనేది ఎవరూ అడగరు. పైగా చాలా ఎలిమెంటరీ స్కూళ్ళలో జీటీ అంటే వారంలో కొంత టైం వేరే టీచర్ దగ్గరికెళ్ళి పజిల్స్, ప్రాజెక్టులు చేసుకోవడం, మిగతా వారమంతా అదే క్లాసు అవే వర్క్‌షీట్లు. మంచిదే, వస్తే తీసుకోవాల్సిందే, కానీ రాకపోతే కొంప మునిగేదేం లేదు.

అలాగని లెటర్ మడిచి పక్కన పెట్టేయమని కూడా అనను. ముందు స్కోర్ రిపోర్ట్ అడిగి తీసుకోండి. కాగ్యాట్‌లో మాటలు, అంకెలు, బొమ్మలు అని మూడు భాగాలుంటాయి, అదే వయసు పిల్లలతో పోల్చి స్కోర్ ఇస్తారు, 100 అంటే యావరేజ్. మూడూ విడివిడిగా చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి బొమ్మల భాగంలో బాగా వచ్చి మాటల దగ్గర తగ్గే అవకాశం ఉంది. మీ వాడిది అలాగే ఉంటే అప్పీల్‌లో అదే రాయండి, ఎందుకంటే జీటీ పిల్లల కోసం టెక్సాస్ రాష్ట్రం పెట్టిన నియమాల (స్టేట్ ప్లాన్) ప్రకారం ఒక్క టెస్టు చూసి తేల్చేయకూడదు, కనీసం మూడు రకాల ఆధారాలు చూడాలి, పిల్లాడికి అర్థమయ్యే భాషలో గానీ మాటలతో పనిలేని టెస్టుతో గానీ చూడాలి, తల్లిదండ్రులకి అప్పీల్ చేసుకునే దారి కూడా ఉండాలి. వచ్చే ఏడాది మళ్ళీ నామినేట్ చేయొచ్చు కూడా. ఇది చదివి ఇంట్లో తెలుగు మాత్రం మానేయకండి దయచేసి, ఇంగ్లిష్ స్కూల్లో ఎలాగూ వస్తుంది, అమ్మమ్మతో ఫోన్లో కబుర్లు చెప్పుకునే తెలుగు పోతే మళ్ళీ తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇక కోచింగ్. ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒకటి రెండు సార్లు చూపిస్తే తప్పులేదు, కొత్త కాగితం చూసి బెదిరిపోకుండా ఉంటాడు. కానీ నెలల తరబడి రోజూ అవే బొమ్మలు రుద్దించడం నాకు అస్సలు నచ్చదు. ఆ టెస్టు పెట్టేదే ఎప్పుడూ చూడని దాని గురించి ఎలా ఆలోచిస్తాడో చూడ్డానికి, బట్టీ పట్టిస్తే స్కోర్ కాస్త పెరగొచ్చేమో గానీ ఆలోచన పెరగదు, పైగా నేను ఫెయిలయ్యాను కాబట్టే ఇదంతా అని వాడి మనసులో పడిపోతుంది. ఏడేళ్ళ పిల్లాడండి.

వాడికి కావాల్సింది కాసేపు బుర్ర గోక్కునేలా చేసే పని. లెక్కలిష్టమైతే బీస్ట్ అకాడమీ పుస్తకాలు చూడండి, కామిక్స్‌లా ఉంటాయి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పేజీ తిప్పుతారు. మార్చిలో మ్యాథ్ కంగారూ అనే పోటీ ఉంటుంది, ఫస్ట్ గ్రేడ్ నుంచే రాయొచ్చు, చిన్న క్లాసులకి 24 ప్రశ్నలు. మనవాళ్ళందరికీ తెలిసిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఉంది, స్పెల్లింగ్, మ్యాథ్ పోటీలు వాలంటీర్లే నడుపుతారు, ఇండియాలో పేద విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తారు. ఇవన్నీ ఒకేసారి పెట్టేయకండి, ఒక్కటి చాలు, అది కూడా వాడు ఎంచుకున్నదే. లైబ్రరీలో అయితే వాడు ఏం తీసుకుంటే అది తీసుకోనివ్వండి, వారం వారం డైనోసార్ల పుస్తకమే అయినా సరే.

మీవారి భయం కెరీర్ గురించి కాబట్టి ఇది చెప్పండి. అసలు చూసుకోవాల్సింది ఫిఫ్త్ గ్రేడ్ మ్యాథ్. టెక్సాస్‌లో 2023లో ఒక చట్టం వచ్చింది, ఫిఫ్త్ గ్రేడ్‌లో రాష్ట్రం పెట్టే మ్యాథ్ టెస్టులో టాప్ 40 శాతంలో ఉన్న పిల్లల్ని సిక్స్త్ గ్రేడ్‌లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూలే వేయాలి, అమ్మానాన్నలు వద్దంటే తప్ప. ఆ దారిలో వెళ్తే ఎయిత్‌లో ఆల్జీబ్రా వన్, ట్వెల్త్ కల్లా క్యాలిక్యులస్ అందుతుంది, ఇంజనీరింగ్ వైపు వెళ్ళే పిల్లలకి బాగా పనికొచ్చేది అదీ. దానికి జీటీ ముద్ర అక్కర్లేదు. కూడికలు, భాగహారాలు, భిన్నాలు గట్టిగా ఉంటే చాలు, దానికింకా మూడేళ్ళు టైముంది.

ఈ వారంలోనే జీటీ టీచర్‌కి మెయిల్ పెట్టండి, స్కోర్ రిపోర్ట్ కావాలి, ఇంకా ఏమేం చూసి నిర్ణయించారు, అప్పీల్ గడువెప్పుడు అని. ఇంట్లో వాడంతట వాడు కట్టినవి, గీసినవి, రాసిన కథలు ఏమైనా ఉంటే ఫోటోలు తీసి జత చేయండి, మీరు దిద్దకుండా ఎలా ఉన్నవి అలాగే.