జాన్ హెచ్. జాన్సన్ ఎవరు? ఆయన పత్రికలకు అంత పేరెందుకు?

అమెరికాలో నల్లజాతి పాఠకుల కోసం ‘ఎబొనీ’ (1945), ‘జెట్’ (1951) పత్రికలు స్థాపించిన ప్రచురణకర్త జాన్సన్ (1918–2005). పుట్టింది ఆర్కన్సాలో. ఊళ్లో నల్లపిల్లలకు హైస్కూలు లేకపోవడంతో తల్లి ఆయన చేత ఎనిమిదో తరగతే మళ్లీ చదివించి, 1933లో షికాగో తీసుకెళ్లారు.

1942లో పెట్టుబడికి 500 డాలర్లు అవసరమైతే ఆ తల్లే ఇంటి సామాను తాకట్టుకు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో జాన్సన్ తాను పనిచేసే బీమా కంపెనీ పాలసీదారులకు ఉత్తరాలు రాసి, రెండేసి డాలర్ల ముందస్తు చందా అడిగారు. సుమారు 3,000 మంది పంపారు. అలా ‘నీగ్రో డైజెస్ట్’ వెలువడింది. ఇలాంటి పత్రిక ఎవరు కొంటారని పంపిణీదారు పెదవి విరిస్తే, స్నేహితులను దుకాణాలకు పంపి ‘ఆ పత్రిక ఉందా?’ అని అడిగించారు. గడుసువాడే!

అసలు ప్రభావం మాత్రం 1955లో కనిపించింది. మిసిసిపీలో తెల్లవాళ్లు చంపిన 14 ఏళ్ల ఎమెట్ టిల్ ఛిద్రమైన ముఖాన్ని, ప్రపంచం చూడాలన్న తల్లి కోరిక మేరకు ‘జెట్’ అచ్చువేసింది. పౌరహక్కుల ఉద్యమంలోకి ఎందరో యువకులను కదిలించిన ఫొటో అది.

‘ఎబొనీ’లో విజయగాథలు, తళుకుబెళుకులే ఎక్కువన్న విమర్శ సబబే అనిపిస్తుంది. అయితే నల్లజాతి మోడళ్లతో ప్రకటనలివ్వడానికి పెద్ద కంపెనీలను ఒప్పించిందీ ఆ పత్రికే.