కుటుంబ ప్రార్థనా, కొడుకు మీద ఫిర్యాదా?

ప్రశ్న: నా వయసు 48. తొమ్మిదేళ్ల కిందట యేసును నమ్ముకుని రక్షణ పొందాను. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటాను, దశమభాగం తప్పను. మావారు క్రిస్మస్‌కు తప్ప మందిరానికి రారు. 22 ఏళ్ల మా అబ్బాయి ఆర్నెల్లుగా మానేశాడు. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి కోసం ఏడుస్తూ ప్రార్థిస్తుంటే మధ్యలోనే లేచిపోతున్నాడు. ‘నువ్వు దేవుడితో మాట్లాడట్లేదు, నన్ను తిడుతున్నావ్’ అంటున్నాడు. పాపాన్ని పాపం అనకూడదా?

జవాబు: అనొచ్చమ్మా. అయితే అతనితోనే అనండి, దేవుడికి చెబుతున్నట్టు అతనికి వినిపించకండి. కళ్లు మూసుకుని కూర్చున్నవాడు బదులు చెప్పలేడు. చెబితే ప్రార్థనకు అడ్డొచ్చాడంటారు. ఇక లేచిపోవడం ఒక్కటే మిగిలింది.

లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గంవాడు, చెడ్డవాడేం కాదు. మోషే ధర్మశాస్త్రం జనమంతటికీ విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్కటే, ప్రాయశ్చిత్త దినాన. ఆయన వారానికి రెండుసార్లు ఉండేవాడు, సంపాదన అంతటిలో పదోవంతు ఇచ్చేవాడు. చెడిందల్లా ఒక్కచోటే: ‘ఈ సుంకరిలాంటివాణ్ని కానందుకు స్తోత్రం’ అంటూ, అవతల నిలబడ్డ సుంకరిని, అంటే పన్నులు వసూలు చేసేవాణ్ని, తన ప్రార్థనలోకి లాక్కొచ్చాడు. సుంకరి మాత్రం అతని ఊసే ఎత్తలేదు. మీ ఉత్తరంలోనూ ముందు మీ ఉపవాసం, దశమభాగం వచ్చి, ఆ వెంటనే మీవారు రాకపోవడం వచ్చింది. గమనించారా?

ఓ నెలపాటు కుటుంబ ప్రార్థన పది నిమిషాలకు కుదించండి. ఒక పాట, ఒక కీర్తన, కృతజ్ఞత, అంతే. ఇంట్లో వాళ్ల తప్పుల మాట రానివ్వకండి. అబ్బాయి కోసం ఎంత ఏడ్చినా గది తలుపు వేసుకున్నాకే. సంఘంలో అతని పేరు ప్రార్థన విన్నపంగా ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. మత్తయి 18:15 ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమంటుంది. విన్నపాల పేరుతో ఇంటి గుట్టు వీధిన పడ్డాక ఏ కుర్రాడు ఆ మందిరం గడప తొక్కుతాడు?

తర్వాత క్షమాపణ అడగండి. ‘నేను పాపిని’ అని సంఘంలో అందరం అంటాం, అందులో కష్టమేమీ లేదు. ‘ప్రార్థన పేరుతో నిన్ను తప్పుపట్టాను, క్షమించు’ అనడమే కష్టం. ప్రార్థన వేళ కాకుండా మామూలుగా ఉన్నప్పుడు చెప్పి, అక్కడితో ఆపేయండి. ‘అయినా నీ మంచికేగా’ అని తోక తగిలించారంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఎందుకు మానేశాడో మరో రోజు అడగండి. అతను చెబుతున్నంతసేపూ బైబిలు వాక్యాలు ఎత్తకుండా వినండి. విశ్వాసం మీద సందేహాలు కావచ్చు, సంఘంలో ఎవరో నొప్పించి ఉండొచ్చు. తాగుడో బెట్టింగో అని తేలితే మెత్తబడనక్కర్లేదు, తప్పని సూటిగా, ఏకాంతంగా చెప్పండి. గలతీ 6:1 సరిదిద్దేవాళ్లకు సాత్వికంతోపాటు తమను తాము చూసుకోవడమూ నేర్పుతుంది.

మీవారి సంగతికొస్తే, 1 పేతురు 3:1 భార్య మాటతో కాక నడతతో గెలవమంటుంది. అన్నట్టు, దశమభాగం ఆయన జీతంలోంచి చెప్పకుండా తీస్తుంటే ముందు ఆ సంగతి చెప్పేయండి.

కొన్ని వారాలకు ‘ఇంత తగ్గించుకున్నా వీళ్లు మారలేదే’ అనిపిస్తుంది. అది కూడా ఆ పరిసయ్యుడి లెక్కే. ఆదివారం రమ్మని తొందరపెట్టకండి. ఎప్పుడైనా అబ్బాయి ప్రార్థన చివరిదాకా కూర్చుంటే, దాన్ని మందిరంలో అందరి ముందు, దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యంగా మాత్రం చెప్పకండి.